మూడంగుళాలు పెరిగిన రాయి

సర్వేయరు కోర్సులో చేరడానికి పిల్లలు దొరకడం లేదని నా మిత్రుడు చెప్పినప్పుడు నేను వెంటనే నమ్మలేదు. గట్టు తగాదా లేని ఊరు మా జిల్లాలో ఉందని ఎవరైనా అంటే ఋజువు చూపమని అడుగుతాను. ఏలూరులో నేను భౌతికశాస్త్రం చెప్పే కాలేజీకి వెళ్ళే దారిలో ఒక ప్రభుత్వ కార్యాలయం ఉండేది. పొలం కొలిపించుకోవడానికి అర్జీ పెట్టుకుని, సర్వేయరు గారు ఎప్పుడొస్తారా అని దాని వరండాలో పడిగాపులు పడే రైతులను తరచు చూసేవాణ్ణి. ఇంత గిరాకీ ఉన్న విద్యకు శిష్యులు కరువవడం ఏమిటని నా సందేహం. అయితే గిరాకీ ఉన్నచోటికి మనుషులు వస్తారనడం తర్కమే గాని సాక్ష్యం కాదు. అందుచేత ఒక శనివారం తాడేపల్లిగూడెం వెళ్ళి, అతను పాఠం చెప్పే గది స్వయంగా చూశాను. గది నిండా బల్లలున్నాయి. పిల్లలు మాత్రం ఒక్క బల్లకు సరిపోయారు.

కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించిన మరుసటి వేసవి అది. ఆ రోజుల్లో ఇంటర్ పాసైన ప్రతి పిల్లవాడికీ, పిల్లకూ కంప్యూటరు తప్ప మరొకటి కనిపించేది కాదు. మిత్రుడు పనిచేసే ప్రైవేటు శిక్షణ సంస్థ యాజమాన్యం కూడా అదే చూపుతో చూసింది. ఈ యేడు చేరికల్లో సగం సీట్లయినా నిండకపోతే సర్వేయరు కోర్సు ఎత్తేసి, ఆ గదిలో కంప్యూటర్లు పెడతామని అతనికి స్పష్టంగా చెప్పేశారు. అతనికి వేరే ఉద్యోగం ఇస్తామనలేదు.

మేమిద్దరం డిగ్రీ కలిసి చదివాం. గూడెంలో అతని కుటుంబానిది ఉల్లిపాయల టోకు వ్యాపారం. పెద్దకొడుకై ఉండి కూడా కొట్టు తమ్ముడికి వదిలి, దుర్భిణి భుజాన వేసుకుని పొలాల వెంట తిరగడం అతను కోరి తెచ్చుకున్న బతుకు. కోర్సు ఎత్తేస్తే తిరిగి కొట్లో కూర్చోవలసిందే. ఆ సంగతి మాట్లాడుకోవడానికి మేం కూర్చున్నది కూడా ఆ కొట్లోనే. తమ్ముడు లారీ దింపించుకుంటూ మధ్యమధ్య మా మాటల్లో తలదూర్చేవాడు.

“ఏవండీ మాస్టారూ, మా అన్నయ్యకి మీరైనా చెప్పండి. దేశంలో భూమంతా ఎప్పుడో కొలిచేశారు. మళ్ళీ కొలిస్తే పెరుగుద్దాండీ?”

“నువ్వు ఉల్లిపాయలు తూచి కొంటావు. వారం పోయాక మళ్ళీ తూచవా?” అన్నాడు నా మిత్రుడు.

“తూస్తాను. తరుగు పోతుంది కదా.”

“భూమికీ తరుగుంటుందిరా. పక్కవాడి గట్టు వైపు పోతుంది.”

తమ్ముడు నవ్వి, “సరే అన్నయ్యా, కోర్సు పోతే ఇలా వచ్చెయ్యి. తరుగు లెక్కలు నీకే అప్పగిస్తాను” అని లారీ దగ్గరకు వెళ్ళిపోయాడు. నా మిత్రుడు మాత్రం నవ్వలేదు.

అతని చేతిలో సంస్థ అచ్చువేయించిన కరపత్రం ఉంది. అందులో ‘వంద శాతం ఉద్యోగం’ అని పెద్ద అక్షరాలతో వేశారు. నేను చదవడం ఆపి, “ఎంతమందిలో వంద శాతం?” అని అడిగాను.

“కిందటేడు పాసైనవాళ్ళలో.”

“ఎంతమంది పాసయ్యారు?”

“ఇద్దరు.”

“ఇద్దరికీ ఉద్యోగాలొచ్చాయా?”

“ఒకడికి వచ్చింది. రెండోవాడు వాళ్ళ మామయ్య రొయ్యల చెరువు చూసుకుంటున్నాడు. అదీ ఉద్యోగమే కదరా.”

ఆ కరపత్రం తన రాత కాదని, పంచక తప్పదని అతను అన్నాడు. చుట్టుపక్కల ఊళ్ళలో కొన్ని సభలు ఏర్పాటు చేశారు. ‘సైన్సు లెక్చరర్’ ఒకరు పక్కన ఉంటే జనానికి గురి కుదురుతుందని నన్ను రమ్మన్నాడు. పంచవద్దని నేను అనలేదు గాని, నన్ను ఏదైనా అడిగితే నాకు తెలిసిందే చెబుతానని మాత్రం ముందే చెప్పాను. అప్పుడతను ఆ మాటను పెద్దగా పట్టించుకోలేదు.

మొదటి సభ గుండుగొలనులో జరిగింది. స్కూలు హాల్లో తల్లిదండ్రులు బాగానే కూర్చున్నారు. మిత్రుడు అరగంట సేపు చక్కగా మాట్లాడాడు. రోడ్లు వెడల్పు చేస్తున్నారు, కాలువలు తవ్వుతున్నారు, ప్రతి పనికీ ముందు నడిచేది సర్వేయరే అన్నాడు. ఆ మాటలతో నాకు పేచీ లేదు. చివర్లో ముందు వరసలోని పెద్దమనిషి ఒకాయన లేచి, కరపత్రం ఎత్తి పట్టుకుని, నా వైపు తిరిగాడు.

“సైన్సు మాస్టారు గారూ, మీరు చెప్పండి. ఉద్యోగం ఖాయమేనాండీ?”

“ఖాయమని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదండీ. రావడానికి అవకాశం ఉంది. ఎంత అవకాశం అంటే చెప్పలేను” అన్నాను.

ఆయన కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆ తరవాత మరెవరూ ప్రశ్నలడగలేదు. ఎవరూ పేరు కూడా రాయించలేదు.

మేమిద్దరం ఎక్కిన గూడెం బస్సు భీమడోలు దాటింది. మిత్రుడు ఒక్కసారిగా నా వైపు తిరిగి అన్నాడు.

“నిన్ను నేను తీసుకెళ్ళింది నా తరఫు సాక్షిగానా, అవతలివాళ్ళ ప్లీడరుగానా?”

“సాక్షిగానే. అడిగిందానికి జవాబు చెప్పాను.”

“అవకాశం ఉందన్నదాంతో ఆగిపోవచ్చుగా. ఎంత అంటే చెప్పలేను అని కూడా తగిలించాలా?”

“చెప్పలేను కాబట్టి అన్నాను.”

“నీకేంరా, పొద్దున్నే లేచి నీ కాలేజీకి నువ్వు పోతావు. నేను ఉల్లిపాయల బస్తాల మధ్య కూర్చోవాలి.”

అతని కోపం న్యాయమైనదే. అయినా నా జవాబులో మార్చవలసిన మాట నాకు కనబడలేదు. నాకు తోచింది చెప్పాను. అతను సభల్లో చెప్పేవన్నీ భవిష్యత్తుకు సంబంధించిన మాటలు. వాటిని అక్కడికక్కడ పరీక్షించడం ఎవరి వల్లా కాదు. నమ్మాలి, లేదా మానాలి. పిల్లలు తమ కళ్ళతో సరిచూసుకోగలిగినది ఏదైనా ఆ విద్యలో ఉంటే అది చూపించమన్నాను.

“ఉంది. బయలుదేరిన రాయి దగ్గరికే తిరిగి రావడం” అన్నాడతను.

దాన్ని అతను వివరించిన తీరు నాకు నచ్చింది. ఒక రాయి ఎత్తును సున్నా అనుకుని మొదలుపెట్టి, ఊరు చుట్టూ ఒక్కో చోటు దాని కంటే ఎంత ఎత్తో ఎంత పల్లమో కొలుచుకుంటూ వెళ్ళి, చివరికి అదే రాయి మీదికి తిరిగి రావాలి. చేసిన పని సరైనదైతే ఆ రాయి ఎత్తు మళ్ళీ సున్నాయే రావాలి. జవాబు ముందే తెలిసిన లెక్క అది. అబద్ధమాడితే అక్కడే బయటపడుతుంది.

ఆకివీడుకు దగ్గర్లో, కొల్లేటి అంచున ఉన్న ఒక ఊళ్ళో రెండో సభ జరగాలి. ఈసారి సభ పెట్టలేదు. ఇంటర్ రాసి ఖాళీగా ఉన్న పిల్లలను ఉదయాన్నే స్కూలు దగ్గరికి పంపమని అక్కడి హెడ్మిస్ట్రెస్ గారిని కోరాం. పది పన్నెండు మంది వచ్చారు. వాళ్ళలో ఒక అమ్మాయి ఆకివీడు నుంచి వచ్చింది. వాళ్ళ నాన్న చేపల చెరువుల్లో గాలి కొట్టే ఏరేటర్లూ, నీళ్ళు తోడే ఇంజన్లూ బాగుచేసే మెకానిక్కు. ఆ ఊళ్ళో మరమ్మతు పని ఉండి, కూతుర్ని తన మోపెడ్ మీద దింపి వెళ్ళాడాయన.

ఆ ప్రాంతంలో కాంటూరు అన్న మాట తెలియనివాడు లేడు. సముద్రమట్టం మీద ఐదడుగుల ఎత్తు లెక్కన గీసిన గీత లోపలున్న చెరువులే కదా కొట్టేసినవి. కానీ పిల్లల మాటల్లో ఆ కాంటూరు ఒక ప్రాణిలా తిరుగుతుండేది. ఒకడు “కాంటూరు మా బాబాయి చెరువులోకి వచ్చిందండీ” అన్నాడు. ఇంకొకడు “మా తాతయ్య రోజుల్లో చాలా లోపలుండేదంటండీ” అన్నాడు. ఆ అమ్మాయి మాత్రం సూటిగా అడిగింది.

“అసలా గీత ఎవరు గీశారండీ?”

“ఎవరూ గీయనక్కర్లేదమ్మా. కొల్లేరు సరిగ్గా ఆ ఎత్తుకి నిండి, అలల్లేకుండా నిలబడిందనుకో, నీటి అంచే ఆ గీత. నీరు లేనప్పుడు దాన్ని మనం ఈ యంత్రంతో వెతుక్కుంటాం” అన్నాడు మిత్రుడు.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని హెడ్మిస్ట్రెస్ గారు అందుకున్నారు. ఆ సామెత రెండో సగం సంగతి నాకు తెలియదు. మొదటి సగం కూడా గాలి లేనప్పుడే నిజం. కొల్లేరులో గాలి ఒక పక్కనుంచి విసిరితే నీరు రెండో ఒడ్డుకు ఎగదన్నుతుంది. ఇది పిల్లలకు చెప్పాను. ఒకడు వెంటనే, “అవునండీ, మా వైపు వల కట్టిన కర్రలు మునుగుతాయండీ” అని సాక్ష్యం పలికాడు.

స్కూలు గేటు పక్కన ఒక పాత హద్దురాయి ఉంది. అక్కడే మొదలుపెట్టాం. పని చూడ్డానికి సులువైనదే. మూడు కాళ్ళ మీద లెవెల్ అనే యంత్రం ఉంటుంది. అదొక చిన్న దుర్భిణి. దాన్ని సమతలంగా నిలబెట్టి చూస్తే, దూరంగా ఒకరు నిటారుగా పట్టుకున్న గీతల కర్ర మీద ఒక అంకె కనబడుతుంది. మొదట వెనకనున్న కర్రను, తరవాత ముందున్న కర్రను చూస్తారు. ఆ రెండు అంకెల తేడాయే రెండు చోట్ల ఎత్తుల తేడా. ఆ తరవాత ముందున్న కర్ర ఉన్నచోటే ఉంటుంది, యంత్రం దాన్ని దాటి ముందుకు వెళుతుంది. అక్కడినుంచి మళ్ళీ అదే కర్రను వెనక్కి చూసి, ఇంకా ముందుకు సాగుతారు. ఇలా ఒకరు నిలబడితే ఒకరు నడుస్తూ ఊరు చుట్టి రావాలి.

ఆ పాత యంత్రంలో బొమ్మ తలకిందులుగా కనబడేది. పిల్లలకు అదే పెద్ద వినోదమైంది. దుర్భిణి దగ్గర కన్ను పెట్టడానికి తోసుకున్నారు. గేదె కాళ్ళు పైకి పెట్టుకుని నడుస్తోందని ఒకడు, హెడ్మిస్ట్రెస్ గారు ఆకాశం నుంచి వేలాడుతున్నారని మరొకడు. రెండు మజిలీలయ్యేసరికి ఆ సంబరం కొంత తగ్గి, అంకె చదవడంలో పడ్డారు.

ఊరు దాటి చెరువు గట్టు ఎక్కాం. మనిషికి మనిషి ఎదురైతే ఒకరు పక్కకు దిగాల్సినంత సన్నని గట్టు. మట్టి మెత్తగా ఉంది. కర్ర దిగబడకుండా ఉండడానికి మిత్రుడు ఒక ఇటుక వెతికి తెచ్చి, గట్టు మధ్యలో నొక్కి పెట్టి, దాని మీద కర్ర నిలబెట్టమని ఆ అమ్మాయికి ఇచ్చాడు. “నువ్వు ఈ చోటు నుంచి కదలకూడదమ్మా. మేం యంత్రాన్ని అవతలికి తీసుకెళ్ళి మళ్ళీ నీ కర్రనే చూస్తాం” అన్నాడు. ఆమె సరేనండీ అంది. ఆ కర్ర మీది అంకె రాసుకున్నాక మేమంతా యంత్రంతో ముందుకు వెళ్ళాం. అక్కడ దాన్ని నిలబెట్టి, యంత్రం సమంగా ఉందో లేదో చూపే బుడగను మధ్యకు తెచ్చేలోపు, దుర్భిణి దగ్గరున్న కుర్రాడు కేక పెట్టాడు.

“ఏవండోయ్, మన తెలుగు మాస్టారు సైకిలేసుకుని తలకిందులుగా వస్తున్నారండీ!”

పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను. మాస్టారు మా పక్కనుంచి పోతూ, “ఏం కొలుస్తున్నార్రా, నా పింఛనా?” అని ఒక చలోక్తి విసిరి సాగిపోయారు. అంకె చదివాం, రాసుకున్నాం, ముందుకు నడిచాం.

ఎండ నడినెత్తికి వచ్చే వేళకు తిరిగి స్కూలు గేటు చేరాం. రాయి మీద కర్ర పెట్టి ఆఖరి అంకె చదివారు. మిత్రుడు అరుగు మీద కూర్చుని లెక్క వేశాడు. ఒకసారి వేసి, మళ్ళీ వేశాడు. అతని ముఖం చూస్తే సున్నా రాలేదని తెలిసిపోయింది. భుజం మీదుగా నేనూ చూశాను. మేం బయలుదేరిన రాయి, తిరిగి వచ్చేసరికి ఏడున్నర సెంటీమీటర్లు పెరిగింది. పాత లెక్కలో మూడంగుళాలు.

“ఎంతొచ్చిందండీ?” అని పిల్లలు చుట్టుముట్టారు.

అతను నన్ను పక్కకు తీసుకెళ్ళాడు. గొంతు బాగా తగ్గించాడు.

“సర్దెయ్యనా? వచ్చిన తేడాని అన్ని మజిలీలకీ తలా కొంచెం పంచితే సున్నా అయిపోతుంది. సర్వేలో పంచడం మామూలేరా, తప్పు కాదు.”

“ఎంతవరకు మామూలు?”

“మిల్లీమీటర్లలో ఉంటే.”

“ఇది మిల్లీమీటర్లలో ఉందా?”

నేనింకేమీ అనలేదు. గుండుగొలనులో మాట్లాడినందుకే అతనికి ఒక సభ పోయింది. ఈసారి పోయేది అతని కోర్సు. నిర్ణయం అతనిదే కావాలనిపించింది. హెడ్మిస్ట్రెస్ గారు మజ్జిగ గ్లాసులు తెప్పిస్తున్నారు. సున్నా వచ్చిందని ఒక్కమాట అంటే అందరూ చప్పట్లు కొట్టి మజ్జిగ తాగి ఇళ్ళకు పోయేవారు. అతను కాగితం వైపు కొంతసేపు చూసి, పిల్లల దగ్గరికి తిరిగి వెళ్ళాడు.

“తప్పొచ్చింది. రాయి మూడంగుళాలు పెరిగింది” అన్నాడు.

వెనకనుంచి ఒకడు, “పెరిగే రాయాండీ? గుడి కట్టించేద్దామండీ, ఊరికి ఆదాయం” అన్నాడు. అరుగంతా గొల్లుమంది. నా మిత్రుడు కూడా ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

“గుడి తరవాత కడదాంలే. ముందు తప్పెక్కడుందో పట్టుకుందాం. ఇక్కడి నేల బల్లపరుపు. ఎత్తులో మూడంగుళాలు అటూఇటూ అయితే మీరనే కాంటూరు ఎన్ని ఎకరాలు జరుగుతుందో తెలుసా?”

ఆ మాటతో నవ్వులు ఆగాయి. మజ్జిగ సంగతి మరిచిపోయి పిల్లలు కాగితం మీద పడ్డారు. కూడికలు సరిచూశారు. తప్పు లేదు. అంకెలు చదివినవాళ్ళను నిలదీశారు. “ఒరేయ్, నువ్వు ఆరును తొమ్మిదని చదివుంటావు, అసలే తలకిందులు” అని ఒకరినొకరు ఆడిపోసుకున్నారు. నేను ఒక్కటే సలహా ఇచ్చాను. లెక్కంతా మళ్ళీ చేయక్కర్లేదు, సగం దారిలో ఉన్న వంతెన నుంచి స్కూలుకు అడ్డదారిన ఒక్కసారి కొలిస్తే, తప్పు ఏ సగంలో ఉందో తేలుతుంది. ఎండను లెక్కచేయకుండా కొలిచారు. తప్పు చెరువు గట్టున్న సగంలో ఉంది.

గట్టు మీద జరిగింది ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాం. అప్పుడు నాకు స్ఫురించింది. రెండు చూపుల మధ్య అక్కడినుంచి ఒక సైకిలు వెళ్ళింది. ఆ అమ్మాయిని అడిగాను.

“మాస్టారు వచ్చినప్పుడు నువ్వెక్కడున్నావమ్మా?”

“పక్కకి దిగానండీ. మాస్టారు సైకిలు మీద వస్తుంటే కర్ర అడ్డం పెట్టుకుని ఎలా నిలబడతానండీ?”

“తరవాత కర్రను ఎక్కడ పెట్టావు?”

“పెట్టినచోటే పెట్టానండీ. గుర్తుంది నాకు. సరిగ్గా అక్కడే.” ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అబద్ధం చెబుతోందని నాకు అనిపించలేదు. అనిపించడం సాక్ష్యం కాదు కనుక, అందరం గట్టు మీదికి నడిచాం.

ఇటుక గట్టు పక్కన గడ్డిలో, నిలువుగా, పద్ధతిగా పెట్టి ఉంది. గట్టు మధ్యలో ఇటుక నొక్కుకున్న అచ్చు చక్కగా కనిపిస్తోంది. ఆ అచ్చు నడిమధ్యలో కర్ర అడుగు దిగిన గుర్తు ఉంది. ఆమె చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. మాస్టారి సైకిలు చక్రం తగులుతుందని ఇటుక తీసి పక్కన పెట్టింది. ఆయన వెళ్ళాక, మళ్ళీ ఎవరికైనా కాలికి తగులుతుందేమోనని దాన్ని అక్కడే ఉంచి, కర్రను మాత్రం తెచ్చి అదే చోట నిలబెట్టింది. మిత్రుడు జేబులోంచి టేపు తీసి ఇటుక మందం కొలిచాడు. ఆ టేపును పిల్లలందరికీ చూపించాడు. మూడంగుళాలు.

“తప్పు నీది కాదమ్మా. ఆ ఇటుక అక్కడ ఎందుకు పెట్టానో నేను చెప్పలేదు” అన్నాడు.

మా గుంపును చూసి, భోజనం చేసి తిరిగి వస్తున్న తెలుగు మాస్టారు సైకిలు దిగారు. జరిగింది విన్నారు.

“అయితే ఊరు మూడంగుళాలు లేవడానికి కారణం నేనాండీ?” అన్నారు. “ఇన్నేళ్ళు పాఠం చెబితే ఒక్కణ్ణి లేపలేకపోయాను బాబూ.”

ఆ ముక్క మళ్ళీ కొలిచాం. మాస్టారు సైకిలు గట్టుకు అడ్డంగా పెట్టి కాపలా నిలబడ్డారు. మేత బస్తాలు మోసుకొచ్చే కూలీలను, “కాసేపు ఆగండి బాబూ, ఆ పిల్ల కదిలిందంటే కొల్లేరు కదులుద్ది” అని ఆపారు. వాళ్ళు బస్తాలు దింపుకుని, ఏమిటి సంగతని అడిగి, నిలబడి చూశారు. ఈసారి రాయి మీదికి వచ్చేసరికి తేడా నాలుగు మిల్లీమీటర్లకు తగ్గింది. సున్నా రాలేదేమని పిల్లలు నిరాశపడ్డారు. సున్నాయే వచ్చి ఉంటే నేనే అనుమానించేవాణ్ణని చెప్పాను. నా మిత్రుడు అప్పుడు, వాళ్ళ ఎదురుగానే, ఆ నాలుగు మిల్లీమీటర్లను ఎలా పంచాలో నేర్పాడు.

సాయంత్రం మెకానిక్కు కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చాడు. చేతులకు గ్రీజు, ముఖాన అలసట. కూతురు చెప్పిందంతా విని, నా దగ్గరికి వచ్చాడు.

“ఏవండీ, ఆడపిల్లండీ. ఎండలో గట్ల వెంబడి తిరగడం కుదురుద్దాండీ?”

“ఈ రోజు తిరిగిందండీ. రేపటి సంగతి నేను చెప్పలేను.”

“ఉద్యోగం గ్యారంటీ ఉందాండీ?”

“లేదండీ.”

ఆయన చేతి గ్రీజును గుడ్డకు తుడుచుకున్నాడు. మిత్రుడు నా వెనకే నిలబడి వింటున్నాడు.

“ఆయ్. గ్యారంటీ అని చెప్పి అమ్మేవాడి దగ్గర నేను స్పేరు పార్టు కొననండీ. వారానికే తిరిగొస్తాయి” అన్నాడాయన. చేరుస్తానని మాత్రం అనలేదు. కూతుర్ని ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

ఆ తరవాత మేం ఇంకొన్ని ఊళ్ళలో అదే పని చేశాం. కామవరపుకోట వైపు మెట్ట నేలల్లో కూడా ఒక రాయి నుంచి బయలుదేరి అదే రాయి దగ్గరికి వచ్చాం. కరపత్రాలు మాత్రం మిత్రుడి సంచిలోనే ఉండిపోయాయి.

చేరికల ఆఖరి రోజున నేను సెలవు పెట్టి గూడెం వెళ్ళాను. సగం సీట్లు నిండాయి. సగం కంటే కొంచెం ఎక్కువే. దీనికి కారణం మా కొలతలేనని అతను అన్నాడు. అలా అనుకోవడానికి మనసు ఒప్పుకున్నా, లెక్క ఒప్పుకోలేదు. వరండాలో నిలబడి, చేరడానికి వచ్చిన ఒక్కొక్కరినీ ఎందుకొచ్చారని అడిగాను. ఇద్దరికి కంప్యూటరు సీటు రాలేదు. ఒకడికి సంస్థ ఎదురుగానే బస్సు ఆగుతుంది. మెట్ట ప్రాంతం నుంచి వచ్చిన ఒక కుర్రాడు, “మా పెదనాన్నతో గట్టు తగాదా ఉందండీ. రేపు నేనే కొలిస్తే ఏమంటాడో చూడాలండీ” అన్నాడు. మా కొలత చూసి వచ్చినవాళ్ళు ఉన్నారు గాని, చూసి కూడా రానివాళ్ళూ ఉన్నారు. చూపించకపోతే ఎంతమంది వచ్చేవారో తెలుసుకునే దారి లేదు. ఆ మాటే మిత్రుడితో అన్నాను.

“ఎందుకొచ్చారో నీకు కావాలి. వచ్చారు, నాకది చాలు” అన్నాడు. ప్రిన్సిపాలు గారు పిలిస్తే లోపలికి వెళ్ళాడు.

ఆకివీడు అమ్మాయి మధ్యాహ్నం దాటాక తండ్రితో వచ్చింది. ఆయన రుసుము కట్టే వరసలో నిలబడ్డాడు. అందరినీ అడిగిన ప్రశ్నే ఆమెనూ అడిగాను.

“ఆ రోజు సార్ తప్పొచ్చిందని చెప్పకపోతే, మేమందరం ఇళ్ళకి పోయేవాళ్ళం కదండీ. ఊరు మూడంగుళాలు ఎత్తులో ఉందని కాగితంలో ఉండిపోయేది. నా వల్ల” అంది. మళ్ళీ తనే, “అలాంటి ఇటుకలు ఇంకెన్ని ఊళ్ళలో ఉన్నాయోనండీ. ఎవరైనా వెళ్ళి చూశారాండీ?” అని అడిగింది.

చూశారో లేదో నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.

మిత్రుడు ప్రిన్సిపాలు గదిలోంచి బయటికి వచ్చాడు. ఈ యేటికి కోర్సు ఉంటుందట. వచ్చే యేటి మాట వచ్చే యేడు చూద్దామన్నారట. అది నాతో చెప్పి, ఆ అమ్మాయి కాళ్ళ వైపు చూశాడు. ఆమె కొత్త చెప్పులు వేసుకొచ్చింది.

“రేపు పొద్దున్న ఏడింటికి కాలువ గట్టు దగ్గర క్లాసమ్మా. ఆ చెప్పులతో రాకు, బురదలో ఉండిపోతాయి” అన్నాడు. అని, యంత్రం బుడగ సరిగ్గా నిలుస్తోందో లేదో చూసుకోవడానికి సామాన్ల గది తాళం తీసుకుని వెళ్ళిపోయాడు.